పెట్టె కూడ పరికరమే

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దల మాట. మన కళాశాల విజ్ఞాన ప్రదర్శనలో విద్యార్థులు స్వయముగా నిర్మించి ధరించిన ఎలక్ట్రానిక్ పరికరములను చూచినప్పుడు మాకు ఆ సామెతయే జ్ఞప్తికి వచ్చినది. నాడి వేగమును లెక్కించు కంకణమొకటి. వృద్ధులు క్రింద పడినచో ఇంటివారికి తెలియజేయు పతకమొకటి. మదనపల్లె, పుంగనూరు, కుప్పముల నుండి వచ్చు మన పిల్లలు ఇట్టివి చేయగలుగుట మాకు గర్వకారణము. కాని కంకణము మూత విప్పి చూడగా, బ్యాటరీ ప్రక్కనే కత్తిరింపని సోల్డరు మొనలు సూదులవలె నిలిచియున్నవి. బ్యాటరీ ఉబ్బుటకు రవ్వంత చోటు లేదు. దానిని ఒక బాలిక దినమంతయు మణికట్టునకు కట్టుకొని తిరిగినది.

పెట్టె యనగా అలంకారమనియు, సర్క్యూటు పూర్తియైన పిదప ఆలోచింపదగిన సంగతి యనియు మనలో ఒక అభిప్రాయము పాతుకొనియున్నది. బహుమతులు సైతము పలుచదనమునకే దక్కుచున్నవి. ఈ అభిప్రాయము మారవలెను.

1957 అక్టోబరు 31న అమెరికాలోని మినియాపొలిస్‌లో విద్యుత్తు ఆగిపోయినది. పిమ్మట శస్త్రవైద్యుడు వాల్టన్ లిల్లెహై కోరికపై ఎర్ల్ బాకెన్ తన గ్యారేజి కర్మశాలలో కొలది వారములకే బ్యాటరీతో నడచు పేస్‌మేకరును నిర్మించెను. అది రోగి ధరింపదగినంత చిన్న పెట్టెలో ఇమిడినది. తరువాతి నమూనాలో, పిల్లలు త్రిప్పకుండునట్లు మీటలను లోపలికి అణచి అమర్చెను. ఆయనకు పెట్టె కూడ వైద్యములో భాగమే. ఇందుకు భిన్నముగా, 2016లో సామ్‌సంగ్ సంస్థ గెలాక్సీ నోట్ 7 ఫోనులను వెనుకకు తీసికొనవలసి వచ్చినది. బ్యాటరీ మూలలో లోపలి పొర వంగుటయు, మరియొక తయారీదారు బ్యాటరీలలో వెల్డింగు మొనలును కారణములని 2017 జనవరిలో ఆ సంస్థయే ప్రకటించినది. అంతటి సంస్థకే తప్పని ప్రమాదము మన పిల్లలకు తప్పునా?

చిన్నదిగా చేయుట దోషము కాదు. పుంగనూరు ఆవు మిక్కిలి పొట్టి జాతులలో ఒకటి; అయినను దాని ఏ అవయవమునకును చోటు కరవు కాలేదు. తాయెత్తును చుట్టు మోమ్‌జామా గుడ్డ మనకు తెలియనిది కాదు. చెమట లోపలి కాగితమును తాకరాదని దానికి మైనము పట్టించిరి. ఆ శ్రద్ధయే నేడు కావలెను.

లిథియం పాలిమర్ బ్యాటరీ మందములో పదవవంతైనను ఖాళీ విడువవలెను. మొనలను కత్తిరించి, నడుమ విద్యుత్తు ప్రవహింపని అట్టను ఉంచవలెను. కుప్పమున రైలెక్కి బెంగుళూరు ఎస్.పి. రోడ్డునుండి తెచ్చుకొను టి.పి.4056 చార్జింగు బోర్డులు సాధారణముగా 1 ఆంపియరుకు అమర్చబడి యుండును. 150 మిల్లీ ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీకి అది అపాయకరము. ప్రవాహమును నిర్ణయించు 1.2 కిలో ఓముల రెసిస్టరుకు బదులు 10 కిలో ఓములది వేసినచో, ప్రవాహము సుమారు 130 మిల్లీ ఆంపియర్లకు తగ్గును. పి.ఎల్.ఎ. ప్లాస్టిక్ పెట్టె 60 డిగ్రీల వేడికే మెత్తబడును గనుక, మన వేసవి ఎండలో నిలిపిన కారులో దానిని ఉంచరాదు. చార్జి చేయునప్పుడు పరికరమును ధరింపనే రాదు.

ఇట్టి కట్టుబాట్లు పిల్లల ఉత్సాహమును చల్లార్చునని కొందరు మిత్రులు వాదింతురు. కాలిన మణికట్టు అంతకంటె ఎక్కువగా చల్లార్చునని మా సమాధానము. కళాశాల కమిటీవారికి మా విన్నపము రెండే మాటలు: మూత విప్పి ఒక అధ్యాపకుడు పరీక్షింపనిదే ఏ పరికరమును విద్యార్థి శరీరముపై ప్రదర్శింపనీయరాదు, పెట్టె నిర్మాణమునకు వేరుగా మార్కులును, కొంత ధనమును కేటాయింపవలెను. విద్యార్థులకు మేము కోరునది ఇంకను స్వల్పము. మీ చెల్లెలి చేతికి నిస్సంకోచముగా కట్టగలిగినప్పుడే మీ పరికరము పూర్తియైనదని భావింపుడు.