ఆ కాగితంలో ఇంకో గడి కావాలి

కిడ్నీ జబ్బు పాతుకుపోయిన మా ఉద్దానంలో క్రియాటినిన్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు... ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా 'నీకెంతొచ్చింది?' అనే అడుగుతారు. ఆ అంకె తీసి ఇచ్చే ల్యాబ్ టెక్నీషియన్లలో నేనొకణ్ని. ఆ ఒక్క అంకె ఇచ్చి జనాన్ని ఇంటికి పంపకూడదన్నదే నా వాదన.

రిపోర్టు చేతిలో పడగానే ఎవరైనా ముందు చూసేది పక్కనున్న నార్మల్ రేంజే. 1.2 వచ్చి, పక్కన 1.4 దాకా ఫర్వాలేదని అచ్చయి ఉంటే, 'నాకేటీ లేదు బాబూ' అని కాగితం మడిచి కొంగున ముడేసుకుంటుంది ముసలమ్మ. క్రియాటినిన్ కండరాల్లోంచి వచ్చే వ్యర్థం. కండ తక్కువున్న ఒంట్లో అది తక్కువే తయారవుతుంది. అలాంటి ఒంట్లోనూ 1.2 ఉందంటే వడపోత మందగించిందనే అనుమానించాలి. వయసు, ఆడా మగా కలిపి ఈ లెక్క తేల్చే సూత్రం ఉంది. దాని జవాబును ఇ-జీఎఫ్‌ఆర్ అంటారు. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తున్నాయో చెప్పే అంచనా అది. 1.2 ఉన్న పాతికేళ్ల కుర్రాడికి 86 దాకా వస్తుంది. అదే 1.2 ఉన్న అరవయ్యేళ్ల ఆడమనిషికి 52. అరవైకి లోపు మూడు నెలలకు మించి ఉండిపోతే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే. మన కాగితం మాత్రం ఇద్దరికీ ఒకటే మాట చెబుతోంది.

'కిడ్నీ పోతే తెలీదేటి?' అంటారు. తెలీదు. నడుం కింద చెయ్యి పెట్టి 'ఇక్కడే కిడ్నీ నొప్పి' అని చూపిస్తారు గానీ, కిడ్నీలుండేది ఇంకా పైన, చివరి పక్కటెముకల చాటున, వెన్నుకు అటొకటి ఇటొకటి. కుడిదాని నెత్తిన కాలేయం ఉంటుంది కాబట్టి అది కాస్త కిందికి ఉంటుంది. ఒక్కోదానిలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు. రెండూ కలిసి రోజుకు 180 లీటర్లు వడపోసి, దాదాపు అంతా సన్నటి గొట్టాల గుండా మళ్లీ రక్తంలోకి చేరుస్తాయి. లీటరున్నరో రెండో మూత్రమై బయటికొస్తుంది. జీడిపప్పు బట్టీలో సగం మంది రాకపోతే మిగతావాళ్లే పిక్కలన్నీ కొట్టినట్టు, కొన్ని నెఫ్రాన్లు చచ్చినా తక్కినవి ఆ బరువు ఎత్తుకుంటాయి. సగం పనితనం పోయాక కూడా క్రియాటినిన్ నార్మల్ లోపలే ఉండొచ్చు.

పైగా మా ప్రాంతపు జబ్బు ముందు దెబ్బతీసేది ఆ గొట్టాలనీ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ. అందుకని మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, స్ట్రిప్ ముంచితే శుభ్రంగానే కనిపిస్తుంది. చాలామందికి మొదట్లో షుగరూ ఉండదు, బీపీ ఉండదు, కాళ్ల వాపులూ ఉండవు. కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. శ్రీలంకలో వరి రైతులకు, ఎల్ సాల్వడార్, నికరాగ్వాల్లో చెరుకు నరికే కూలీలకు వచ్చే జబ్బుదీ ఇదే తీరు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనను. హిరమండలం నుంచి నీళ్ల పథకం వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి మొదలైంది. డయాలసిస్ రోగులకు పదివేల పింఛనూ ఇస్తున్నారు. అయితే డయాలసిస్ దాకా వచ్చినవాడికి ఇక మిగిలింది ఎంత? 52 దగ్గర తెలిసినవాడికైతే చేయగలిగింది చాలా ఉంది. ఒళ్లు నొప్పులకు రోజూ మింగే డైక్లోఫెనాక్ మానిపించొచ్చు, తక్కిన మందుల మోతాదు డాక్టరు సరిచేయొచ్చు, మూడు నెలలకోసారి పరీక్షకు పిలవొచ్చు.

దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, చుక్క రక్తం ఎక్కువ తీయక్కర్లేదు. సర్కారీ ల్యాబైనా ప్రైవేటు ల్యాబైనా క్రియాటినిన్ పక్కన ఇ-జీఎఫ్‌ఆర్, దాని కింద పాత ఫలితాలు వేయాల్సిందేనని ఒక్క ఉత్తర్వు చాలు. జనం భయపడతారని కొందరు డాక్టర్ల అభ్యంతరం. భయం మాకు కొత్తా? ఆ సూత్రం ఎక్కువగా విదేశీయుల కొలతలతో తయారైందన్నదీ నిజమే. మన సన్నటి ఒళ్లకు అది ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చూపించవచ్చు. అలాంటప్పుడు 52 వచ్చినవాళ్ల విషయంలో ఇంకా తొందరపడాలి గదా.

ఆ ఉత్తర్వులో ఇంకొక్క వాక్యం కూడా చేర్చండి. శాంపిల్ గొట్టం మీద వయసు రాయకపోతే ల్యాబ్ దాన్ని తీసుకోకూడదు. 'పెద్దామె' అని రాసి పంపితే ఏ సూత్రమూ పనిచేయదు.