పట్నం వేడా, చెలక వేడా?

పట్నం వేడి, పల్లె చల్లన అని అందరూ అంటూ ఉంటారు. కృష్ణా డెల్టా వారు అంటే సరే. మే నెలలో మా పాలమూరు వారు అనగలరా?

ఈ లెక్క తేల్చే విద్యకూ మా జిల్లాకూ చుట్టరికం ఉంది. 1979లో ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకొనే కేంద్రం పని మొదలుపెట్టింది షాద్‌నగర్ దగ్గరే. 2016 దాకా ఆ ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలోదే. తరువాత రంగారెడ్డి వారు పట్టుకుపోయారనుకోండి!

లాండ్‌శాట్ 8 అనే ఉపగ్రహం 705 కిలోమీటర్ల ఎత్తున, 16 రోజులకోసారి, ఉదయం పది దాటాక మన నెత్తిమీదుగా పోతుంది. అది పట్టేది గాలి వేడి కాదు, నేల ఒంటి వేడి. వేసవిలో ఆ వేళకే పైరు లేని చెలకలూ, నల్గొండ గుట్టల బండలూ పెనంలా కాలుతుంటాయి. చెట్టూ నీడా ఉన్న ఊరు వాటికంటె చల్లగా కనపడుతుంది. హైదరాబాదు విషయంలో శాస్త్రజ్ఞులు గమనించిందీ ఇదే. మాగాణి నడుమ ఉన్న పట్నమైతే లెక్క తలకిందులు.

కనుక రెండు పట్నాలను పోల్చేవారిని, వాటి చుట్టూ ఏముందని ముందు అడగండి. రాత్రి చిత్రం ఏదని కూడా అడగండి. పగలు మింగిన ఎండను సిమెంటు గోడలు రాత్రంతా కక్కుతాయి. చెలక త్వరగా చల్లారుతుంది. రేకుల కింద పడుకొనేవారికి కావలసిన లెక్క అది. లాండ్‌శాట్ వేడిని వంద మీటర్ల గళ్లలో కొలుస్తుంది గాని, రాత్రిళ్లు కూడా కొలిచే మోడిస్ యంత్రానికి ఒక గడి అంటే కిలోమీటరు. రేకుల ఇళ్లూ, డాబాలూ, చెరువుగట్టూ అందులో ఒకే చుక్క.