ఆటల పేరు ఎవరి సొత్తు?

క్రికెట్టు ప్రపంచకప్పు పోటీలు వచ్చినపుడు నందిగామ, జగ్గయ్యపేట వర్తకులకు ఒక సందేహము కలుగుట సహజము. టెలివిజనులు అమ్మువాడు తన దుకాణము ముందు "వరల్డ్ కప్ తగ్గింపు ధరలు" అని బట్టమీద వ్రాయించి కట్టవచ్చునా? ఆ పేరు తమదనియు, సొమ్ము చెల్లించిన పోషకులకే దాని వాడుక చెల్లుననియు క్రీడాధికారులు వాదించుచుందురు.

ఈ వాదమే 2003లో ఢిల్లీ హైకోర్టు ముందు విచారణకు వచ్చినది. దక్షిణాఫ్రికాలో జరుగనున్న పోటీలను పురస్కరించుకొని, తమ వస్తువులు కొన్నవారికి టిక్కెట్లు బహుమానమనుచు ఫిలిప్సు వారు "దివాలీ మనావో, వరల్డ్ కప్ జావో" అని ప్రకటించిరి. ఐ.సి.సి. డెవలప్‌మెంట్ సంస్థ దావా వేసెను. కోర్టు నిషేధాజ్ఞ ఇయ్యలేదు. ప్రతివాదులు పోటీల చిహ్నమును వాడలేదనియు, "వరల్డ్ కప్" అనునది సామాన్య వాచకమనియు తలచెను. అదే యేట ఒక పెట్రోలు ప్రకటన వ్యవహారమున చిహ్నమును వాడుటను మాత్రము నిలిపివేసెను.

ఈ విభజన న్యాయమని మా అభిప్రాయము. చిహ్నము ఒకరు గీయించుకొన్న బొమ్మ. పేరు జనుల నోట నలిగిన మాట. పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో గాజుల వర్తకుడు స్థలమునకు అద్దె ఇచ్చును గాని, తిరునాళ్ళను మాటకు అద్దె ఇయ్యడు. ఎడ్ల పందెముల పేరు చెప్పి తెలగపిండి అమ్మువానిని ఏ పందెపు పెద్దయు వారింపలేదు.

పోషకుల ధనము లేనిదే పెద్ద పోటీలు సాగవనుట నిజమే. ధనమియ్యనివాడు తానే పోషకుడనని చెప్పుకొనుట మోసము, దానిని అడ్డవలసినదే. కాని లండను ఒలింపిక్సుకై 2006లో చేసిన చట్టము అంతటితో ఆగలేదు. "2012", "గేమ్స్" అను మాటలను "లండన్", "సమ్మర్" వంటివానితో జోడించినచో పోటీలతో సంబంధము చెప్పుకొన్నట్లు న్యాయస్థానము పరిగణింపవచ్చునట! వేసవికి సైతము యజమాని దొరికెను.

2030 కామన్వెల్తు క్రీడలు అహమ్మదాబాదునకు దక్కినవి. 2036 ఒలింపిక్సుకై మన దేశము ప్రయత్నించుచున్నది. అట్టి శాసనము ఇచ్చటను కావలెనని కోరువారుందురు. పెద్ద కంపెనీ ఢిల్లీలో వ్యాజ్యమాడగలదు. జగ్గయ్యపేట దుకాణదారు వకీలు నోటీసు చూచినంతనే బట్ట విప్పివేయును. కావున చిహ్నములకును, పోషకత్వమును గూర్చిన అబద్ధములకును మించి నిషేధము పోరాదని మన పార్లమెంటు సభ్యులు ఇప్పుడే పట్టుపట్టవలెను.