పావు మైలు ట్రాకు, మా మామ ఎద్దులు

శనివారం రాత్రి తొమ్మిదిన్నర. నార్త్ కరోలినాలో విన్‌స్టన్-సేలం అనే ఊళ్లో, ఒక స్టేడియం మెట్ల మీద కూర్చుని, చెవుల్లో టిష్యూ పేపర్ కుక్కుకుని కార్ల రేసు చూస్తున్నా. జేబులో ఫోన్ మోగింది. కోయిలకుంట్ల నుంచి మామ. అక్కడ అప్పుడు ఆదివారం పొద్దున ఏడు.

"అల్లుడూ, యాడుండావు? ఆ రొదేంది?"

"కార్ల పందెం మామా."

"సరేలే. ఒక మాట చెప్దామని చేసినా. ఎద్దుల్ని అమ్మేస్తాండా."

మళ్లీ చేస్తానని పెట్టేశా. కానీ ఆ మాట చెవిలోంచి పోలేదు, టిష్యూ పెట్టుకున్నా సరే.

కోయిలకుంట్ల తెలియని వాళ్ల కోసం: నంద్యాల జిల్లా, నల్లరేగడి నేల, శనగ పంట. 'సైరా' వచ్చాక కొంచెం పేరు వచ్చింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో ఉరి తీసింది మా ఊళ్లోనే. మామ ఎద్దులంటే సేద్యం ఎద్దులు కావు. సేద్యానికి ట్రాక్టర్ వచ్చి చాలా ఏళ్లయింది. ఇవి బండలాగుడు జత. శివరాత్రికో, ఉగాదికో, ఊరి తిరణాలకో పోటీ పెడతారు. రాతి బండకు జతను కడతారు. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయో టేపుతో కొలుస్తారు, చివర్లో అంగుళాల దాకా. మైకులో ఒకాయన క్రికెట్ కామెంటరీకి ఏమాత్రం తీసిపోకుండా అరుస్తుంటాడు. ఈమధ్య యూట్యూబ్‌లో లైవ్ కూడా వస్తోంది. నేను ఆఫీసులో సెకండ్ మానిటర్ మీద చూశానని మేనేజర్‌కి చెప్పకండి.

ఇక నేను విన్‌స్టన్-సేలంలో ఎందుకున్నానంటే, చార్లెట్‌లో ప్రాజెక్టు. ఇక్కడ మనవాళ్లకు శనివారం అంటే కాస్ట్‌కో, బిర్యానీ, క్రికెట్. ఆ వారం టీమ్‌లో ఒకతను "నాస్కార్ చూస్తావా?" అన్నాడు. టీవీలో చూపించే పెద్ద పెద్ద ట్రాకులు, గంటకు 300 కిలోమీటర్లు ఊహించుకుని గంటన్నర ప్రయాణం చేసి వెళ్లా. తీరా చూస్తే ఫుట్‌బాల్ గ్రౌండు. దాని చుట్టూ తారు రోడ్డు. ఒక రౌండు పావు మైలు, అంటే 400 మీటర్లు. మీ కాలేజీలో రన్నింగ్ ట్రాక్ ఉంటే, సరిగ్గా ఆ కొలతే. దాని మీద ఇరవై కార్లు ఒకేసారి తిరుగుతాయి.

బోమన్ గ్రే స్టేడియం దీని పేరు. ఇక్కడ 1949లో నాస్కార్ రేసులు మొదలయ్యాయి. కోవిడ్ ఏడాది వదిలేస్తే, వేసవి వచ్చిందంటే శనివారం రాత్రి రేసు ఉండాల్సిందే. నాస్కార్ చరిత్రలోనే పెద్ద పేరైన రిచర్డ్ పెటీ తన 100వ గెలుపు 1969లో ఇక్కడే అందుకున్నాడు. 1971 తర్వాత పెద్ద కార్లు, పెద్ద డ్రైవర్లు ఇటు రావడం మానేశారు. ట్రాకు మాత్రం ఆగలేదు. లోకల్ వాళ్లు తిప్పుతూనే ఉన్నారు. చివరికి 2025 ఫిబ్రవరిలో పెద్ద సిరీసే సీజన్ మొదటి రేసు పెట్టడానికి ఇక్కడికి తిరిగొచ్చింది.

ఇక్కడ కార్లు నాలుగు తరగతులు. పైన మాడిఫైడ్: వెడల్పు టైర్లు బయటికి పొడుచుకొచ్చి, రోడ్డుకు అతుక్కుపోయి పరిగెత్తే బండ్లు. రౌండు పదమూడు, పద్నాలుగు సెకన్లలో అయిపోతుంది. తర్వాత స్పోర్ట్స్‌మన్, స్ట్రీట్ స్టాక్. అన్నిటికన్నా కింద స్టేడియం స్టాక్: పాత నాలుగు సిలిండర్ల చిన్న కారు, లోపల సీట్లన్నీ పీకేసి ఇనుప పైపులతో పంజరం కట్టి, తలుపు మీద చేత్తో నంబరు రాసి తెచ్చేస్తారు.

నాకు నచ్చింది ఆ ఆఖరి తరగతే. ఒక కారు మూడో రౌండులోనే గోడకు గుద్దుకుంది. డ్రైవర్ కిటికీలోంచి బయటికి వచ్చి చెయ్యి ఊపాడు. స్టాండంతా లేచింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన "వాడు మా వీధిలోనే ఉంటాడు, ఏసీలు రిపేర్ చేస్తాడు. మళ్లీ వారానికి వస్తాడు చూడు" అన్నాడు. ఏ డ్రైవరు ఎవరి మనవడో, ఎవరికీ ఎవరికీ పడదో, పోయిన నెల ఎవరు ఎవర్ని వెనక నుంచి గుద్దారో ఆయనకు తెలుసు. కొందరికి చప్పట్లు, కొందరికి ఊళ. గెలిచినవాడికి కూడా ఊళే. ఇంజిన్ల మోత తీసేస్తే అచ్చం మా తిరణాలే.

మా బండలాగుడులో కూడా ఇలాగే తరగతులుంటాయి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, న్యూ కేటగిరీ, సీనియర్. ఎద్దుకు పళ్లు వచ్చేదాన్ని బట్టి వయసు లెక్క. సీనియర్ జత ధర వింటే మీరు కారు లోన్ గుర్తొచ్చి బాధపడతారు. రెండు పళ్ల జతతో మాత్రం మామూలు రైతు కూడా బరిలోకి దిగొచ్చు. ఆ కింది మెట్టు ఉంది కాబట్టే కొత్తవాళ్లు వస్తున్నారు. అక్కడా ఏసీ మెకానిక్ వస్తున్నాడంటే అదే కారణం.

బ్రేక్‌లో పెద్దాయన్ని అడిగా, ఇలాంటి ట్రాకులు ఇంకా ఎన్ని ఉన్నాయని. ఆయన సమాధానం లెక్క రూపంలో రాలేదు, పోయినవాళ్ల పేర్లు చదివినట్టు వచ్చింది. సౌత్ కరోలినాలో సముద్రం పక్కన మర్టిల్ బీచ్ స్పీడ్‌వే: 1958లో మొదలై 2020లో మూతపడింది, ఆ భూమిని డెవలపర్లకు అమ్మేశారు. నార్త్ విల్క్స్‌బరో అయితే 1947 నాటిది. 1996లో పెద్ద రేసులు ఆగిపోయాక ఏళ్ల తరబడి గడ్డి మొలిచింది. అభిమానులు వదల్లేదు, డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ లాంటి డ్రైవర్ వెనక నిలబడ్డాడు, 2021లో రాష్ట్ర ప్రభుత్వం కోటి 80 లక్షల డాలర్లు కేటాయించింది. 2023 మేలో మళ్లీ పెద్ద రేసు జరిగింది. అన్ని ట్రాకులకూ అంత అదృష్టం ఎక్కడిది? ఊరు పెరిగి ట్రాకు దాకా వస్తుంది. ఇళ్లు కొన్నవాళ్లు చప్పుడు ఎక్కువని గొడవ పెడతారు. ఓనరుకు వయసైపోతుంది, పిల్లలకు ఆసక్తి ఉండదు. టికెట్ల మీద వచ్చేదానికన్నా ప్లాట్ల మీద వచ్చేది ఎక్కువని లెక్క తేలుతుంది.

మరి ఇది ఎలా మిగిలింది? "ఇది సిటీది. అమ్మడానికి ఎవడి సొత్తు?" అన్నాడాయన. మధ్యలో యూనివర్సిటీ పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటారు, చుట్టూ వీళ్లు కార్లు తిప్పుకుంటారు.

తిరిగొస్తుంటే దారి పొడవునా నాకు హైదరాబాద్ గుర్తొచ్చింది. 2023 ఫిబ్రవరి 11, హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ. అప్పుడు నేను హైదరాబాద్‌లోనే ఉన్నా. అన్నిటికన్నా చవక టికెట్ కొని వెళ్లా. 2.8 కిలోమీటర్ల స్ట్రీట్ సర్క్యూట్, సెక్రటేరియట్ ముందు నుంచి ఎలక్ట్రిక్ కార్లు సర్రున పోతుంటే నిజంగా ఒళ్లు పులకరించింది. జీన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. కానీ గ్రిడ్ మీద 22 మందిలో ఒక్క ఇండియన్ డ్రైవరూ లేడు. మహీంద్రా టీమ్ ఉంది, అంతే. తర్వాత వారం అటు వెళ్తే బారికేడ్లు పీకేస్తున్నారు. ప్రభుత్వం మారింది, 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు రద్దయింది, ఆపైన కేసులు. ఎవరిది తప్పో కోర్టులు తేలుస్తాయి, నాకు దాంతో పని లేదు. నా బాధ వేరు. ఆ రేసు చూసి పిచ్చెక్కిన కుర్రాడు ఒకడు ఉండే ఉంటాడు కదా. వాడు తర్వాతి శనివారం ఎక్కడికి పోవాలి?

మనవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. కోయంబత్తూరులో కరివర్ధన్ అని ఒకాయన ఉండేవాడు. లక్ష్మీ మిల్స్ కుటుంబం, కుప్పుస్వామి నాయుడు పెట్టిన మిల్లు. కోయంబత్తూరు నాయుళ్ల ఇళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది, కాబట్టి ఆయన్ని మన ఖాతాలో వేసుకున్నా తప్పు లేదు. డబ్బున్నవాడు, ఫారిన్ కారు తెప్పించుకుని తనొక్కడే తిరగొచ్చు. అలా ఆగలేదు. 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్ పెట్టి రేసు కారు తయారు చేశాడు: ఫార్ములా మారుతి. మన వీధిలో అంకుల్ ఆఫీసుకు వేసుకెళ్లిన కారులోని అదే 796 సీసీ ఇంజిన్. స్పేర్ పార్టు కావాలంటే పక్క షాపులో దొరుకుతుంది. 2005లో ఇండియా నుంచి ఫార్ములా వన్‌కు వెళ్లిన మొదటి డ్రైవర్ నరైన్ కార్తికేయన్ మొదట్లో నడిపింది ఈ ఫార్ములా మారుతినే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన పేరు మీద 2003లో కోయంబత్తూరు శివార్లలో కరి మోటార్ స్పీడ్‌వే వచ్చింది. రెండు కిలోమీటర్ల పైచిలుకు చిన్న ట్రాకు. నేషనల్ రేసులు ఇప్పటికీ అక్కడ జరుగుతున్నాయి, కొత్తగా వచ్చేవాళ్లకు నోవీస్ కప్ కూడా ఉంది. మద్రాసు వాళ్లదీ ఇదే కథ. షోలవరంలో యుద్ధకాలపు పాత ఎయిర్‌స్ట్రిప్ మీద ఏళ్ల తరబడి రేసులు పెట్టి, చివరికి క్లబ్బు వాళ్లే ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకున్నారు. 1990 నుంచి అది నడుస్తోంది. ఇక్కడ కింది మెట్టూ ఉంది, కింద నేలా ఉంది. హైదరాబాద్ రేసుకు ఈ రెండూ లేవు.

ఇంటికొచ్చాక మామకు వీడియో కాల్ చేశా. వెనకాల ఎద్దులు నెమరేస్తున్నాయి.

నిజం చెప్పాలంటే "ఎందుకు మామా ఈ ఖర్చు, అమ్మేసెయ్" అని నాలుగేళ్లుగా చెప్తున్నది నేనే. ఎక్సెల్‌లో లెక్క కూడా వేసి పంపా: ఉలవలు, పత్తి గింజలు, జొన్న చొప్ప, లారీ బాడుగ ఒక వైపు, గెలిచిన ప్రైజు ఒక వైపు. కింద గడి ఎర్రగా వచ్చింది. ఇప్పుడేమో నేనే "అమ్మొద్దు" అంటే ఆయనకు నవ్వొచ్చింది.

"మేపేది నువ్వా నేనా? మోకాళ్లు లేయడం ల్యా. తోలేదానికి పిల్లోడు దొరకడం ల్యా. అవన్నీ ఎట్లనో ఓర్చుకుంటాలే. అసలు బండ యాడ ఈడ్చాల, చెప్పు?"

అప్పుడు బయటపడింది అసలు విషయం. ఏటా శివరాత్రికి పోటీ పెట్టేది ఊరి శివారులో రోడ్డు పక్కన ఒకరి చేను. శనగ కోసేసిన తర్వాత ఖాళీగా ఉండేది. చదును చేసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పేవాళ్లు. ఆ చేను ఇప్పుడు వెంచర్ అయింది. హద్దురాళ్లు పాతి, పసుపు రంగు కొట్టి, గేటు కూడా కట్టేశారు. మామ ఫోన్ తిప్పి చూపించాడు. నేను చిన్నప్పుడు ఆయన భుజం మీద కూర్చుని పోటీ చూసిన చోట '40 అడుగుల రోడ్' అని బోర్డు ఉంది.

ఇక్కడ ఒక మాట. ఈ పోటీలన్నీ పాలూ తేనె అని నేను అనను. కొరడా వాడకూడదని మైకులో చెప్తారు. అందరూ వింటారని సర్టిఫికెట్ ఇవ్వలేను. చిన్నప్పుడు నేనే ఒక ఎద్దు వీపు చూసి అన్నం తినకుండా పడుకున్నా. మామ మాత్రం కర్ర ముట్టడు. అందుకే గెలిచింది తక్కువ అని మా అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

గంటసేపు మాట్లాడుకున్నాం. బోమన్ గ్రే సంగతి చెప్పా. ఏసీ మెకానిక్ కారు గోడకు గుద్దుకున్నదీ, అయినా జనం లేచి నిలబడిందీ చెప్తే ఆయన ముందుకు వంగి విన్నాడు. ఆ ట్రాకు గవర్నమెంటుది, ఎవరూ అమ్మలేరు అన్నప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

"మనకూ గుడి మాన్యం ఉండాది గదా. కంప చెట్లు మొలిచి ఊరికే పడుండాది. దాన్ని ఎవడూ అమ్మలేడు."

(దేవుడి భూమి కూడా మాయమైన ఊళ్లు చాలానే ఉన్నాయి. ఆ మాట పైకి అనలేదు.)

చివరికి తేలిందేమిటంటే, పెద్ద జతను అమ్మేస్తాడు. గుంటూరు వైపు నుంచి ఒకరు అడుగుతున్నారు. ఆ డబ్బులో కొంత పెట్టి రెండు పళ్ల జత ఒకటి తెస్తాడు, మేత తక్కువ, లాగే బండ చిన్నది. తోలేదానికి పక్కింటి పిల్లోడు ఇంటర్ పరీక్షలయ్యాక వస్తానన్నాడట. నేల సంగతే తేలాలి. శివరాత్రికి మూడు రోజులు మాన్యం వాడుకునేదానికి పర్మిషన్ ఇవ్వమని దేవాదాయ శాఖకు అర్జీ పెట్టాలి.

"నువ్వు కంప్యూటర్ చదివినోడివి గదా, నువ్వే రాయి" అన్నాడు.

నాకు కోడ్ రాయడం వచ్చు గానీ అర్జీ రాయడం రాదు. 'గౌరవనీయులైన' దగ్గరే అరగంట పోయింది. నిన్న రాత్రి మూడో డ్రాఫ్ట్ వాట్సాప్‌లో పంపా. పొద్దున లేచేసరికి వాయిస్ మెసేజ్: "అంతా బాగుండాది అల్లుడూ. పొడుగు, వెడల్పు రాయలేదేం? రేపు టేపు పట్టుకుని పోతా, ఉండు."