పగిలిన ఫోన్ మనది, తాళం కంపెనీది

మా పెద్దదోర్నాల పక్క ఫోన్ పగిలితే పోయేది అద్దం ఒక్కటే గాదు. బ్యాంకు ఓటీపీ రాదు, ఫోన్‌పే నడవదు. ఉపాధి పని కాడ హాజరు 2023 జనవరి నుంచి మేటు ఫోన్లో ఫొటో తీస్తేనే పడతది. ఆ ఫోన్ రాళ్ల మీద పడి పగిలితే ఆ పొద్దు కూలి సంగతేంది? బతుకు మొత్తం ఫోన్‌కు ముడేసిన సర్కారు, అది చెడిపోతే యాడ బాగుచేయించుకోవాల్నో చెప్పలా.

అందుకే మన పిల్లోళ్లు వీడియో చూసి ఇంట్లోనే విప్పుతన్నారు. నేను తప్పుపట్టను. బోరు మోటారు, ట్రాక్టరు విప్పి బిగించిన చేతులివి. ఇంట్లో అయ్యే పనులూ ఉన్నాయి. తడిసిన ఫోన్‌ని వెంటనే ఆపేసి, చార్జింగ్ పెట్టకుండా గాలికి ఆరబెట్టాల. బియ్యంలో పూడ్చడం దండగ, ఆ పొడి చార్జింగ్ బొక్కలోకి పోతది. టచ్ పోయినా బొమ్మ కనపడతంటే, చాలా ఫోన్లకు ఓటీజీతో మౌస్ తగిలించి ఫొటోలు, నంబర్లు వేరేచోటికి ఎక్కించుకోవచ్చు.

బ్యాటరీ కాడికొచ్చేసరికి కథ మారతది. ఇప్పుడు దాన్ని జిగురుతో అతికిస్తన్నారు. స్క్రూడ్రైవర్ మొన గుచ్చుకుంటే లోపలి పొరలు కలిసి మంట లేస్తది. ఉబ్బిన బ్యాటరీ జోలికైతే అసలు పోవద్దు.

పాత కీప్యాడ్ ఫోన్‌కు గోటితో మూత తీసి బ్యాటరీ మార్చేవాళ్లం గదా, ఇప్పుడెందుకు కుదరదు? ఫోన్ పలచగా ఉండాల, నీళ్లు దూరకూడదు అంటారు కంపెనీలోళ్లు. అందులో కొంత నిజముంది. మరి ఒరిజినల్ పార్టు మా బజార్లో కొట్టు పెట్టుకున్న కుర్రోడికి అమ్మడానికి ఏం అడ్డం? పైగా కొన్ని ఫోన్లలో పార్టుని సాఫ్ట్‌వేర్‌తో ముడేస్తన్నారు. బయట పార్టు వేస్తే కొన్ని పనులు ఆగిపోతాయి. ఇది నీళ్ల కోసం వేసిన తాళం గాదు, గిరాకీ కోసం వేసింది.

ఐరోపా దేశాల్లో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధన వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆపేసినాక కూడా 7 ఏళ్లు ముఖ్యమైన పార్టులు దొరకాల. మన కేంద్రం 2022లో 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసింది, అదే డిసెంబర్లో పోర్టల్ తెరిచింది. ఏ ఫోన్ బాగుచేయడం ఎంత తేలికో మార్కులేసి, కొనేటప్పుడే జనానికి చూపించాలని 2025 మేలో ఇంకో కమిటీ నివేదిక ఇచ్చింది. మంచిదే. కానీ సిఫార్సు వేరు, చట్టం వేరు. మార్కులు చూపిస్తే సరిపోదు, పార్టు పల్లె దాకా రావాల. అది రాకుంటే డిస్‌ప్లే కోసం దోర్నాల నుంచి మార్కాపురమో, ఒంగోలో బస్సెక్కాల. బస్సు చార్జీ, పోయిన కూలి కలిపి లెక్కేస్తే కొత్త ఫోనే నయమనిపిస్తది. కంపెనీకి కావాల్సిందీ అదే.

కాబట్టి ఈసారి కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే ముందు, డిస్‌ప్లే మార్చితే ఎంతవుద్ది, పార్టు యాడ దొరుకుద్ది అని అడగండి. వారంటీలో ఉండి కూడా తిప్పుకుంటంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కొట్టండి. ఓట్లడగడానికి వచ్చినోళ్లను కూడా అడగండి: డబ్బులు పెట్టి కొన్న వస్తువుకి తాళం ఇంకొకడి చేతిలో ఎందుకుండాల?