కంప్యూటరునందు స్వరాజ్యము

2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కు మైక్రోసాఫ్టు కంపెనీవారు తమ సాధారణ సంరక్షణను నిలిపివేసినారు. దాని తరువాతిదగు విండోసు 11, టీపీఎం 2.0 అను భద్రతాభాగమును కొంత క్రొత్త ప్రాసెసరును గల యంత్రమునందు గాని వేయరాదని వారి నియమము. ఫలితమేమనగా, కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణముల దుకాణములలోను కార్యాలయములలోను చక్కగా నడుచుచున్న కంప్యూటరులకు కాలము చెల్లినదను ముద్ర పడినది. క్రొత్తవి కొనుడని వర్తకులు చెప్పుచున్నారు. కొనుటకు ముందు పాఠకులు ఒక్క సంగతి విచారింపవలెనని మా మనవి.

ఆపరేటింగు సిస్టము కంప్యూటరునకు ప్రాణమువంటిది. కీబోర్డు మీద నొక్కిన అక్షరమును తెరమీదికిని, తెరమీది పత్రమును ప్రింటరునకును చేర్చునది యదియే. విండోసు నిర్మాణరహస్యము కంపెనీవారి పెట్టెలో నున్నది. లినక్సు అట్టిది గాదు. 1983లో రిచర్డు స్టాల్‌మను ప్రకటించిన గ్నూ ఉద్యమమును, 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు వ్రాసిన కెర్నెలును గలసి యేర్పడిన యీ వ్యవస్థ మూలరచనను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని ఇతరులకు పంచవచ్చును. నిజాంసాగరు కాలువ క్రింది రైతునకు దీనిని వివరింప నక్కరలేదు. తూము ఎక్కడ పూడినదో చూచి పార పట్టుకొని పోవుట అతని కలవాటు. ఆ తూమునకు తాళమువేసి, తాళపుచెవి సముద్రమున కావల నుంచుకొన్నవానికి శిస్తు గట్టుమన్నచో అతడు ఊరకుండునా?

ఇది కలలోని మాట గాదు. సుప్రీంకోర్టు ఈ-కమిటీవారు న్యాయాధికారులకు ఉబుంటు లినక్సునందు శిక్షణ నిప్పించినారు. జిల్లా న్యాయస్థానముల కేసుల లెక్క నడుపు సీఐఎస్ అను సాఫ్టువేరు గూడ స్వేచ్ఛా సాఫ్టువేరు పునాదిమీద గట్టబడినదే. 2022 జూను 2న కామారెడ్డి ప్రత్యేక న్యాయజిల్లా యైనది. లోపల నిట్లుండగా, కోర్టు గోడకు వెలుపల టైపు దుకాణములో నడుచునది తఱచుగా విండోసు దొంగప్రతి! వకీళ్లమగు మనము చౌర్యమునకు శిక్ష కోరుచు, ఆ పిటిషనును చౌర్యపు ప్రతిమీదనే టైపు చేయించుచున్నాము.

లినక్సులో రకములు పెక్కు. నిత్యవ్యవహారమున కొన్నింటిని వాడి చూచినమీదట మా యభిప్రాయ మిది. 1993లో పుట్టిన డెబియను మిక్కిలి స్థిరమైనది. సుమారు రెండేండ్లకొకసారి గాని రూపు మార్చదు. కాని క్రొత్తవానికి చేయూత తక్కువ. దానినుండి 2004లో వెలువడిన ఉబుంటు అందమైనదే గాని, నాలుగు జీబీ జ్ఞాపకశక్తి గల పాత యంత్రముమీద ఎండాకాలపు ఎద్దువలె రొప్పును. ఫెడోరా ఉత్సాహవంతులకు, ఒక్కొక్క సంచికకు సంరక్షణ పదమూడు నెలలు మాత్రమే గనుక దస్తరముల కది పనికిరాదు. విండోసునకు అలవాటుపడిన గుమాస్తాకు 2006లో ఆరంభమైన మింటు ఒక్కపూటలో పట్టుపడును. పాత యంత్రమునకు ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపము చాలును. మా సలహా యదియే.

ఇక బాస్ సంగతి. సీ-డాక్‌వారు 2007లో భారతదేశపు పేరుతో వెలువరించిన యీ వ్యవస్థకును పునాది డెబియనే. పేరు చూచి కొందఱు దానిని నెత్తిన పెట్టుకొని, డెబియను పరదేశీయమని ముఖము చిట్లింతురు. ఖద్దరునకు విలువ వచ్చినది వడకిన చేతివలన గాని, బట్టమీది ముద్రవలన గాదుగదా! 2005లో ఏర్పడిన స్వేచ్ఛ సంస్థ తెలుగున లినక్సును రూపొందించుటకు పూనుకొన్నది. అట్టి పనిలో మన పిల్లలు అనువదించిన ప్రతి వాక్యమును మనము వడకిన నూలే.

ఇబ్బందులు లేవనుట అసత్యము. కొన్ని లేజరు ప్రింటర్లును, కొన్ని డిజిటల్ సంతకపు టోకెన్లును లినక్సునందు మొరాయించును. అయినను మేమెక్కువగా విను ఫిర్యాదు వేరు: తెలుగు పాడగునట! పాత డీటీపీ ఫాంట్లలో తెలుగక్షరము ఆంగ్లాక్షరపు సంఖ్య వెనుక దాగియుండును. ఆ ఫాంటు లేనిచోట తెఱచినచో పిచ్చిగీతలే మిగులును. యూనికోడునందు 1991 నుండి తెలుగునకు స్వంత స్థానము గలదు. అకారమునకు 3077వ సంఖ్య. అట్లు వ్రాసిన పత్రమును పోతన, లోహిత్ మొదలగు ఏ యూనికోడు ఫాంటునందైనను, విండోసులోను లినక్సులోను సెల్‌ఫోనులోను ఒక్కతీరుగ చదువవచ్చును. ఎల్లారెడ్డిలో వ్రాసిన దస్తావేజు చిత్తు కామారెడ్డిలో గీతలగుట లినక్సు దోష మెట్లగును?

1921లో హైదరాబాదు సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడగా సభ్యులు గేలి చేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. నేడు గేలి చేయువారెవరును లేరు. మన అక్షరమును పరుల అక్షరము చాటున మనమే దాచుకొనుచున్నాము.

కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు లినక్సుమీదనే కంప్యూటరు నేర్చుచున్నారు. మన రెండు పట్టణముల గ్రంథాలయములలో, పారవేయనున్న యంత్రమొక్కొక్కటి తెచ్చి మింటు వేసి, చదువరులకు విడిచిపెట్టుటకు ఖర్చేమియు లేదు. కోర్టులయొద్ద పని అంత సులభము గాదు. ఇన్‌స్క్రిప్టు కీబోర్డునకు మారిన వేగము తగ్గునని టైపిస్టులు భయపడుచున్నారు. ఆ భయము న్యాయమైనది. వారికి పుట లెక్కన కూలి. నేర్చుకొను నెలదినములు పొయ్యిలో పిల్లి లేవదు. ఆ నెల కూలిని బారు అసోసియేషనులవారు భరింపవలెను. ఎల్లారెడ్డిలో టైపిస్టులు కొలదిమందియే గనుక, మొదట అక్కడ ఆరంభించుట మేలు.