పనికి తగిన ఉడుపు

హైదరాబాదు నగరమున జూబిలీహిల్సు దిగువ కృష్ణానగరమను పేట యొకటి కలదు. 1976లో అన్నపూర్ణా స్టూడియో వెలసిన పిదప, తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసును వీడి క్రమముగా ఈ ప్రాంతమునకు తరలివచ్చుటతో, తెరమీద పేరు పడని శ్రమజీవుల కెందరికో ఇది నివాసమైనది. ఇచ్చటి వీథులలో చిత్రములకు వేషములను అద్దెకిచ్చు అంగళ్లు కలవు. పోలీసు ఉడుపు కావలెనా? వకీలు నల్లకోటు కావలెనా? రాజుగారి కిరీటము కావలెనా? అడిగిన క్షణములో దొరకును. కాని అదే వీథిలో వేకువనే పనికి బయలుదేరు స్త్రీకి మాత్రము, ఆమె పనికి తగినదియు, ఆమె కొలతకు సరిపోవునదియు, ఆమె కూలికి అందునదియు నగు ఉడుపు దొరకదు. పని చేయుచున్నట్లు నటించువారికి ఉడుపు కలదు. నిజముగా పనిచేయువారికి లేదు. ఇంతకంటె విపరీతము వేరొకటి కలదా?

ఆమె ఏమి ధరించుచున్నదో పాఠకులు చూడకపోలేదు, గమనింపకపోయిరి. సిమెంటు తట్ట మోయు స్త్రీని చూడుడు. వీథులూడ్చు స్త్రీని చూడుడు. ఊరు దాటి పత్తిచేనిలో కూలికి పోవు స్త్రీని చూడుడు. చీరమీద మగని పాత చొక్కా! భుజములు జారుచుండును, చేతులు మూడు మడతలు మడువవలెను, తుంటివద్ద గుండీలు పట్టవు. అయినను దానినే తొడుగుకొనును. ఏల యనగా, ఎండకు చేయి కాలకుండుటకు, కొంగు జారకుండుటకు, కూలి డబ్బులు దాచుకొను జేబు ఒక్కటి యుండుటకు, ఆమెకు వేరు దారి లేదు. కారణమడిగిన మాకు ఒక తల్లి యిచ్చిన ప్రత్యుత్తరమిది: “అంగీ ఏసుకుంటెనే పని సాగుతదమ్మా. చీరకు జేబుంటదా?” ఈ ప్రశ్నకు మన వస్త్రవ్యాపారులలో ఎవ్వరైనను సమాధానము చెప్పగలరేమో చెప్పుడు.

ఇది వ్యాపారుల దోషము మాత్రమే కాదు. 1948 నాటి కర్మాగారముల చట్టము 22వ విభాగమున, తిరుగుచున్న యంత్రమును పరీక్షింపవలసి వచ్చినపుడు ఆ పనిని శిక్షణ పొందిన పురుషుడే, శరీరమునకు బిగుతుగా నమరిన దుస్తులు ధరించి చేయవలెననియు, ఆ దుస్తులను యజమానియే యియ్యవలెననియు విధించిరి. స్త్రీకో, కదలుచున్న యంత్రమును తుడుచుటయు నూనె వేయుటయు నిషేధించిరి. అపాయము తప్పించుటకు పురుషునకు ఉడుపు నిచ్చిరి. స్త్రీకి నిషేధము నిచ్చిరి! ఆ చట్టము స్థానమున 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. స్త్రీలు అన్ని విధములగు పనులకును అర్హులని అది చెప్పుచున్నది. మంచిదే. తలుపు తెరచితిరి, కాని ఆ తలుపున ఆమె ఏ బట్టతో ప్రవేశింపవలెను? వ్రేలాడు కొంగుతోనా?

ఇక సంప్రదాయము పేర ఆక్షేపించువారు కొందరు కలరు. చీర మన స్త్రీల గౌరవమనియు, చొక్కాయు లాగును ధరించిన మర్యాద చెడుననియు వారి వాదము. వారిని మేమొకటి అడిగెదము. వారి ముత్తవ్వలు నాట్లు వేసినప్పుడు చీర నెట్లు కట్టిరి? గోచి పోసి, మోకాలికి పైకి బిగించి, ముతక నేతచీర కట్టిరి. అది పనికై పుట్టిన కట్టు. దానిని విడిచి, పలుచని పాలియెస్టరు చీరను శ్రామికస్త్రీకి అంటగట్టినది సంప్రదాయము కాదు, చవుకబేరము. ఆ బట్ట చెమట పీల్చదు. పొయ్యిసెగ తగిలిన కరగి చర్మమున కంటుకొనును. ఇక మర్యాద మాట. ఖాకీ చొక్కాయు లాగును ధరించిన పోలీసు వనిత ఎదుట ఈ ఆక్షేపకులు చేతులు కట్టుకొని నిలుచుచున్నారు కదా! మొదటి మహాయుద్ధకాలమున బ్రిటనులో పురుషులు రణరంగమునకు పోగా, మందుగుండు కర్మాగారములలో నిలిచిన స్త్రీలకు ముతక అంగీలను, టోపీలను, కొన్నియెడల లాగులను ఇచ్చిరి. అవసరము ప్రభుత్వమునకు కలిగినపుడు దోషము కానిది, అవసరము స్త్రీకి కలిగినపుడు ఎట్లు దోషమగును?

మరికొందరు “స్త్రీలు అడుగుటలేదు, కనుక కుట్టుటలేదు” అందురు. మగవాని చొక్కాను తొడుగుకొనుటయే అడుగుట! ఇంతకంటె బిగ్గరగా ఆమె ఎట్లు అడుగవలెను? వెల యెక్కువగు నందురా? చీరకు అయిదున్నర మీటర్ల గుడ్డ పట్టును. అంత గుడ్డలో నిండుచేతుల చొక్కాయు, వదులు పైజామాయు కుట్టి, జేబులకు గుడ్డ మిగుల్చుకొనవచ్చును. నేయువారు లేరందురా? 2017 మొదలు కొన్నేండ్లపాటు తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ పండుగకై ఏటేట కోటికి దరిదాపుగా చీరలను, వానిలో పెక్కింటిని సిరిసిల్ల మరమగ్గములపై నేయించి, పంచినది. మొదటి యేటనే నాణ్యము చాలదని కొందరు స్త్రీలు ఆ చీరలను కాల్చిన సంగతియు లోకవిదితమే. 2024లో సర్కారు బడిపిల్లల దుస్తులను స్వయంసహాయక సంఘముల స్త్రీలు కుట్టిరి. మగ్గములు కలవు, కుట్టుమిషనులు కలవు, సూది పట్టిన చేతులు కలవు. పండుగనాటి ఒక్క దినమునకు కోటి చీరలు నేయింపగలిగినవారు, తక్కిన దినములకు ముతక నూలు చొక్కాలను నేయింపలేరా? లేనిది సంకల్పమొక్కటే.

వ్యాపారులను, ప్రభుత్వమును నిందించి మేము తప్పుకొనుట న్యాయము కాదు. ఈ పత్రిక చదువు గృహములలో పాత్రలు తోమి, నేల తుడుచు స్త్రీలు కృష్ణానగరము వంటి పేటలనుండియే వచ్చుచున్నారు. దసరాకో, సంక్రాంతికో మనమామెకు ఒక చీర పెట్టుచున్నాము. అంచు చిరిగినది, రంగు వెలిసినది, మనకు విసుగు పుట్టినది! ఆమె తడినేలపై ఆ చీరకుచ్చెళ్లను ఎగజెక్కుకొని, ఒక చేత వానిని పట్టుకొని, రెండవ చేత మన యిల్లు తుడుచుచుండగా, మన దానగుణమునకు మనమే మురియుచున్నాము. బయట మగని పాతచొక్కా, లోపల యజమానురాలి పాతచీర: ఆమె శరీరముమీద ఆమెదనదగిన పనిదుస్తు ఏది? పనిచేయువారికి పనిముట్టు నిచ్చుట దానము కాదు. చీపురు కొనునపుడు మనము పుణ్యము నెంచుచున్నామా? ఉడుపును అట్టి పనిముట్టే.

కనుక సోదరీమణులకు మా విన్నపమిది. రానున్న పండుగకు మీ యింట పనిచేయు స్త్రీని, ఆమె కిష్టమైనచో, దర్జీ యొద్దకు పంపుడు. ఆమె కొలతకు, ఆమె మెచ్చిన తీరున, ముతక నూలుగుడ్డతో రెండు జతలు కుట్టింపుడు: ఒకటి ఉతుకునకు, ఒకటి తొడుగునకు. మోచేతుల వద్దను మోకాళ్ల వద్దను రెండు పొరలు వేయింపుడు. రెండు లోతైన జేబులు తప్పక పెట్టింపుడు. ఆమె చీరయే కావలెనన్నచో, దానిమీద తొడుగుటకు ఆమె కొలత చొక్కాను కుట్టింపుడు. ఆ వెలను జీతములో కోయవలదు. పండుగ చీరకు బదులని చెప్పనువలదు. సంఘములు నడపు వనితలు ఇట్టి చొక్కాలను కుట్టించి, కూలి స్త్రీలు నిలుచు కూడలులలోనే అసలు వెలకు అమ్మింపవలెను. స్టూడియోలలో నేల తుడుచు స్త్రీలకు కథానాయిక వేషమునకు వెచ్చించు దానిలో సహస్రాంశమైనను వెచ్చింపుమని నిర్మాతల నడుగవలెను.

వేషములకు పేరుగన్న పేటలో శ్రమకు వేషము లేకపోవుట మనందరి సిగ్గు. ఆ సిగ్గును కప్పుటకు నాలుగు మీటర్ల ముతక గుడ్డ చాలును.